అమ్మానాన్నలతో అండమాన్ ప్రయాణం: వెళ్ళేటప్పుడు రైలు, ఓడ, వచ్చేటప్పుడు విమానం. జాగ్రత్తలు తెలుపగలరు

మణికొండ నివాసి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో అమ్మానాన్నలను అండమాన్ తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాము. హైదరాబాదు నుంచి విశాఖపట్నం వరకు రైలు, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో పేరు మార్చిన తరువాత శ్రీ విజయపురం) ఓడ, తిరుగు ప్రయాణం నేరుగా హైదరాబాదుకు విమానం అనుకుంటున్నాము. నాన్నగారికి డెబ్బై దాటాయి. మధుమేహం, రక్తపోటు ఉన్నాయి, ప్రోస్టేట్ సమస్య కూడా ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కడం కష్టం. మాతో పదేళ్ళ పాప కూడా వస్తుంది. జీవితంలో ఒక్కసారైనా ఓడలో సముద్రం దాటాలన్నది నాన్నగారి చిరకాల కోరిక కనుక ఆ భాగాన్ని మార్చుకోదలచుకోలేదు. మూడు రకాల ప్రయాణం ఒకే యాత్రలో కలిసి వస్తున్నందున ముందుగా ఏమేమి చూసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

వాల్తేరు వాసి

నెల ఎంపిక బాగుంది. జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు బంగాళాఖాతం సాధారణంగా శాంతంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల వల్ల, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల వల్ల వయసు మళ్ళిన వారితో ఈ ఓడ ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. ఓడలు నెలకు ఒకటి రెండుకు మించవు, ప్రకటించిన తేదీ మారడం కూడా మామూలే. అందువల్ల రైలు దిగిన రోజే ఓడ ఎక్కేటట్లు పెట్టుకోవద్దు. విశాఖలో కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. తిరుగు విమానం టిక్కెట్టు కూడా ఓడ తేదీ ఖాయమైన తరువాతే తీసుకోవడం మేలు.

టిక్కెట్టు విషయంలో ఒక మాట. బంకు తరగతి చవక. కానీ అది కింది అంతస్తులో వరుసలు వరుసలుగా పడకలు ఉండే పెద్ద హాలు. గాలి ఆడదు, మరుగుదొడ్లు దూరంగా ఉంటాయి. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దాయన రాత్రి నాలుగైదు సార్లు లేవవలసి వస్తే అక్కడ నరకమే. క్యాబిన్ తీసుకోండి. అడిగే అవకాశం ఉంటే ఓడ పొడవులో మధ్య భాగానికి దగ్గరగా ఉన్నది అడగండి. ఊపు ముక్కు దగ్గర, వెనుక కొసన ఎక్కువగా, నడిమిలో తక్కువగా ఉంటుంది.

మొదటిసారి ఓడ ఎక్కేవారు గమనించని ప్రమాదం తలుపుల దగ్గర ఉంటుంది. డెక్కు మీదికి తెరుచుకునే ఇనుప తలుపులకు నీరు లోపలికి రాకుండా జానెడు, అంతకంటే ఎత్తైన గడప ఉంటుంది. తలుపు చాలా బరువు. పెద్దవారు గడప దాటేటప్పుడు ఆసరా కోసం చెయ్యి తలుపు చట్రం మీద, అంటే కీళ్ళు ఉన్న సందులో వేస్తారు. సరిగ్గా అప్పుడే ఓడ ఒక పక్కకు ఒరిగితే తలుపు దానంతట అదే వచ్చి మూసుకుంటుంది. వేళ్ళు నలిగిన వారిని చూశాను. చట్రాన్ని కాక గోడకు ఉన్న కడ్డీని పట్టుకోవడం, తలుపును వెనుక కొక్కేనికి తగిలించిన తరువాతే గడప దాటడం మొదటి పూటే అమ్మకు, నాన్నగారికి, పాపకు దగ్గరుండి చూపించండి.

విశ్రాంత గార్డు

రైలు గురించి నేను చెబుతాను.

మధ్యాహ్నపు వందే భారత్ అయితే సికింద్రాబాదులో ఎక్కి రాత్రి పొద్దుపోయాక విశాఖలో దిగుతారు. ఎనిమిది గంటలకు పైగా కుర్చీలోనే ఉండాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బండిలో పడుకుని వెళ్ళి తెల్లవారుజామున దిగవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారికి నా ఓటు రాత్రి బండికే, అది కూడా కింది బెర్తు దొరికితేనే.

దొరకాలంటే ఒక కిటుకు ఉంది. సీనియర్ సిటిజన్ల కింది బెర్తు కోటా ఒంటరిగా గాని, ఒకే టిక్కెట్టు మీద ఇద్దరుగా గాని ప్రయాణించే వారికి వర్తిస్తుంది. పురుషులకు 60 ఏళ్ళు, స్త్రీలకు 45 ఏళ్ళు నిండి ఉండాలి. మీ ఐదుగురికీ కలిపి ఒకే టిక్కెట్టు తీస్తే ఆ కోటా వర్తించదు. అమ్మానాన్నలకు విడిగా, మీకు విడిగా తీయండి. పెట్టె వేరైతే తోటి ప్రయాణికులను అడిగి మీరు మారవచ్చు, అమ్మానాన్నలను మాత్రం కదపవద్దు.

ఇక కింది బెర్తులో పడుకునే వారి మీద మధ్య బెర్తు, పై బెర్తు వేలాడుతుంటాయి. 2024 జూన్‌లో ఎర్నాకుళం నుంచి నిజాముద్దీన్ వెళ్తున్న బండి తెలంగాణ మీదుగా పోతుండగా, పైనున్న బెర్తు పడి కింద పడుకున్న ప్రయాణికుడు గాయపడి తరువాత ఆసుపత్రిలో మరణించారు. గొలుసు సరిగ్గా తగిలించకపోవడమే కారణమని రైల్వే ప్రకటించింది. కనుక మధ్య బెర్తు ఎత్తినప్పుడు రెండు వైపులా గొలుసు కొక్కెం గాడిలో పూర్తిగా దిగిందో లేదో కంటితో చూసి, చేత్తో బెర్తును గట్టిగా కిందికి ఒకసారి లాగి, కదలకపోతేనే కింద పడుకోనివ్వండి. కొక్కెం అంచున వేలాడుతున్నా పైకి తగిలించినట్లే కనిపిస్తుంది.

నిప్పు విషయంలో మన ప్రాంతానికి చేదు జ్ఞాపకాలు ఉన్నాయి. 2013 డిసెంబరు 28న బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్ళే బండిలో పుట్టపర్తి సమీపంలోని కొత్తచెరువు దగ్గర తెల్లవారుజామున ఏసీ పెట్టెకు నిప్పంటుకుని 26 మంది చనిపోయారు. నిద్రలో, చీకటిలో, పొగలో తలుపు ఎటువైపు ఉందో తెలియని స్థితి అది. బండి ఎక్కి సామాను సర్దగానే మీ బెర్తు నుంచి రెండు వైపుల తలుపులకూ మధ్య ఎన్ని అరలు ఉన్నాయో లెక్కపెట్టండి. అత్యవసర కిటికీ ఎక్కడుందో, దాన్ని తెరిచే ఎర్ర పిడి గాని, అద్దం పగలగొట్టే సుత్తి గాని ఎక్కడుందో పాపకు కూడా చూపించండి. పొగ వస్తే వంగి, నేలకు దగ్గరగా, తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ లెక్క ప్రకారం వెళ్ళాలి.

ఇంకొకటి, ఇది నిప్పు కంటే ఎక్కువ మందికి తెలియవలసిన సంగతి. 2013 నవంబరు 2న విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర, పెట్టెలో మంటలు వచ్చాయన్న వదంతికి భయపడి గొలుసు లాగి పట్టాల మీదికి దిగిన వారిని పక్క లైనులో వస్తున్న బండి ఢీకొట్టి పలువురు చనిపోయారు. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర మళ్ళీ అదే జరిగింది. నిజంగా పెట్టె విడవవలసి వస్తే రెండో లైను లేని వైపు తలుపు నుంచే దిగండి. ఏ వైపో తెలియకపోతే ముందు తల బయట పెట్టి రెండు దిక్కులా చూసి, దిగగానే పట్టాలకు దూరంగా కట్ట దిగువకు నడవండి. రెండు లైన్ల మధ్య సందులో నిలబడటం అత్యంత ప్రమాదకరం.

ఒంట్లో బాగా లేకపోతే రైల్వే సహాయ నంబరు 139కు ఫోను చేయాలి. తరువాతి స్టేషనుకు వైద్యుణ్ణి పిలిపిస్తారు. గొలుసు లాగితే బండి ఎక్కడో పొలాల మధ్య ఆగుతుంది, అక్కడికి వైద్యుడు రాలేడు.

కాకినాడ ఫిజీషియన్

మీ నాన్నగారి విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇన్సులిన్, ఓడ ఊపుకు వచ్చే ఓకరింత కలిసి రావడం. ఇన్సులిన్ వేసుకుని, భోజనం చేసి, గంటలోపే వాంతి అయితే ఒంట్లో మందు ఉంటుంది, ఆహారం ఉండదు. చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. నడి సముద్రంలో అది ఎంతమాత్రం తేలికగా తీసుకునే సంగతి కాదు. బయలుదేరే ముందు వారి వైద్యుణ్ణి కలిసి, "తిండి సరిగ్గా తినలేని రోజున మోతాదు ఎంత?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. రక్తపోటుకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర ఉంటే, వాంతులు అవుతున్న రోజు దాన్ని ఏం చేయాలో కూడా అప్పుడే అడగాలి. గ్లూకోమీటరు, సరిపడా స్ట్రిప్పులు, గ్లూకోజు పొడి చేతి సంచిలోనే ఉండాలి.

సముద్రపు ఓకరింతకు అందరూ చెప్పే మాత్ర అవోమిన్. ఇది ఓడ కదిలిన తరువాత కాక గంటా రెండు గంటల ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. అయితే ఈ కోవకు చెందిన మాత్రలు నిద్రమత్తు కలిగిస్తాయి, ప్రోస్టేట్ ఉబ్బిన వారిలో మూత్రం బిగబట్టేలా చేయగలవు. మూత్రం ఆగిపోయి ఓడలో గొట్టం వేయవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు. కనుక మీ నాన్నగారికి ఎవరి సలహా మీదా ఆ మాత్ర ఇవ్వవద్దు, వారి వైద్యుడే నిర్ణయించాలి. అల్లం ముక్క, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తినడం, నూనె వస్తువులు మానడం, డెక్కు మీద కూర్చుని నీళ్ళు ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉండటం, ఇవి వారికి సురక్షితమైనవి. పడక మీద పుస్తకమో ఫోనో చూస్తూ ఉంటే ఓకరింత పెరుగుతుంది.

వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే చాలా రకాలు నాలుగు వారాల వరకు చెడిపోవు. మీ రకానికి ఎంత గడువో పెట్టె మీద చూసుకోండి. ఎండలో పెట్టకూడదు, మంచు గడ్డకు ఆనించకూడదు. విమానంలో దాన్ని లగేజీలో వేయకుండా చేతి సంచిలో, మందుల చీటీతో సహా ఉంచుకోవాలి. లగేజీ గదిలో గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత పైకి మామూలుగానే కనిపించినా పనికిరాదు.

కాళ్ళలో రక్తం గడ్డకట్టడం గురించి చాలామంది విమానాన్నే తప్పుపడతారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ఏ ప్రయాణంలోనైనా, అది రైలైనా బస్సైనా కారైనా, ఈ ముప్పు పెరుగుతుంది. మీ విమానం రెండున్నర గంటలే. ఎనిమిది గంటల కుర్చీ బండి ఎక్కితేనే ఆ జాగ్రత్త అవసరం. గార్డుగారు చెప్పిన రాత్రి బండికి నేనూ మొగ్గు చూపడానికి ఇది ఒక కారణం.

గుంటూరు మిర్చి

ఇంత చదివిన తరువాత నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డెబ్బై దాటి, ఇన్సులిన్ మీద ఉన్న మనిషిని రెండున్నర రోజులు ఫోను సిగ్నలు కూడా లేని సముద్రంలోకి తీసుకువెళ్ళడం అవసరమా? గుండెలో నొప్పి వస్తే ఎవరిని పిలుస్తారు? రానూ పోనూ విమానంలో వెళ్ళి, అక్కడ హావ్‌లాక్ దీవికి పడవ ఎక్కితే ఓడ సరదా కూడా తీరుతుంది కదా.

వాల్తేరు వాసి

మీ ఆందోళన న్యాయమైనదే. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి నడిచే ఈ పెద్ద ఓడల్లో వైద్యుడు, చిన్న వైద్యశాల ఉంటాయి. ప్రథమ చికిత్స దొరుకుతుంది, ఆసుపత్రి దొరకదు. ఆరు నెలల లోపు గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన వారైతే నేనూ వద్దనే అంటాను. మధుమేహం, రక్తపోటు అదుపులో ఉండి, ఇంట్లో తన పని తాను చేసుకునే మనిషి అయితే వయసు ఒక్కటే అడ్డంకి కాదు. వైద్యుడు సరేనంటే వెళ్ళనివ్వండి. ఓడ ఎక్కగానే వైద్యశాల ఎక్కడుందో కనుక్కుని, వైద్యుడికి నాన్నగారి మందుల చీటీ చూపించి రండి. అడగకముందే వెళ్ళి పరిచయం చేసుకోవడం చాలా ఉపయోగపడుతుంది.

అపాయ సంకేతం అందరూ గుర్తుంచుకోవాలి. ఏడు చిన్న కూతలు, ఆ వెంటనే ఒక పొడవాటి కూత. అది వినపడితే క్యాబిన్‌లోనే లైఫ్ జాకెట్టు వేసుకుని, మందుల సంచి ఒక్కటే తీసుకుని, మీకు కేటాయించిన చోటికి మెట్ల మీదుగా వెళ్ళాలి. ఆ చోటు ఏదో క్యాబిన్ తలుపు వెనుక గాని, గోడ మీద గాని రాసి ఉంటుంది. సిబ్బంది అపాయ సమయపు కసరత్తు (డ్రిల్) చేయించినప్పుడు మంచం మీద పడుకుని ఉండిపోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అంతకుముందు కొద్ది గంటల క్రితమే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా కసరత్తు జరగలేదు. ఆ తరువాతే ప్రయాణికుల ఓడల్లో బయలుదేరే ముందు గాని, బయలుదేరిన వెంటనే గాని అది జరగాలని అంతర్జాతీయ నియమం మార్చారు.

శంషాబాదు పక్షి

నేను విమాన క్యాబిన్ సిబ్బందిగా పనిచేసి మానేశాను. వాల్తేరు వాసి గారు చెప్పిన లైఫ్ జాకెట్టు సంగతికి విమానంలో సరిగ్గా వ్యతిరేకమైన నియమం ఉంది. ఒకే యాత్రలో రెండూ ఎక్కుతున్నారు కనుక కలగాపులగం కాకూడదని చెబుతున్నాను.

ఓడ జాకెట్టులో నురుగు దిమ్మలు ఉంటాయి, క్యాబిన్‌లోనే వేసుకుని బయటికి రావాలి. విమానం జాకెట్టు సీటు కింద మడిచి ఉంటుంది, గాలి నింపితేనే తేలుతుంది. దాన్ని లోపల తొడుక్కోవాలి గాని, తలుపు దాటి బయటికి వచ్చిన తరువాతే ఎర్ర తాడు లాగి ఉబ్బించాలి. 1996 నవంబరులో దుండగులు దారి మళ్ళించిన (హైజాక్ చేసిన) ఇథియోపియా విమానం ఇంధనం అయిపోయి కొమొరో దీవుల దగ్గర సముద్రంలో దిగినప్పుడు, లోపలే జాకెట్టు ఉబ్బించుకున్న కొందరు నీరు నిండుతున్న క్యాబిన్‌లో పైకప్పుకు తేలి, కిందికి మునిగి తలుపు చేరుకోలేక ప్రాణాలు కోల్పోయారు.

సామాను వదిలి దిగడం మరొక విషయం. 2024 జనవరి 2న టోక్యో హనేదా విమానాశ్రయంలో మంటల్లో చిక్కుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ బయటపడ్డారంటే, సంచుల కోసం పైఅర తెరవకుండా సిబ్బంది మాట విన్నారు కనుకనే. నాన్నగారి మందుల సంచి చిన్నదిగా, నడుముకు కట్టుకునేదిగా ఉంటే దాని కోసం వెనక్కి చూడవలసిన పని ఉండదు.

బెల్టు గుర్తు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు వదులుగానైనా పెట్టుకునే ఉండాలి. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం హఠాత్తుగా కుదుపుకు లోనై ఒకరు మరణించారు, ఎందరో గాయపడ్డారు. మరుగుదొడ్డికి తరచుగా వెళ్ళవలసిన నాన్నగారికి మధ్య దారి పక్క సీటు, వెనుక మరుగుదొడ్డికి దగ్గరగా తీసుకోండి. అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే, కనీసం 48 గంటల ముందు చెప్పండి.

మణికొండ నివాసి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వైద్యుడి అపాయింట్‌మెంటు తీసుకున్నాను, టిక్కెట్లు రెండుగా విడగొడుతున్నాను. మరికొన్ని సందేహాలు. నేను, మా ఆవిడ చివరి రోజు ఉదయం హావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేసి, పోర్ట్ బ్లెయిర్ చేరి మధ్యాహ్నం విమానం ఎక్కుదామని అనుకున్నాము. ఇందులో ఇబ్బంది ఉంటుందా? పవర్ బ్యాంకు ఏ దశలో ఎక్కడ పెట్టాలి? అక్కడి కొబ్బరి, గవ్వలు తెచ్చుకోవచ్చా?

కాకినాడ ఫిజీషియన్

దయచేసి ఆ ప్రణాళిక మార్చండి. నీటి అడుగున ఒత్తిడి మీద గాలి పీల్చినప్పుడు నత్రజని రక్తంలోకి, కండరాల్లోకి ఎక్కువగా కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత మాత్రమే ఉంటుంది. ఒత్తిడి తగ్గగానే ఆ నత్రజని బుడగలు కట్టి కీళ్ళ నొప్పులు, మొద్దుబారడం, కొందరిలో పక్షవాతం వరకు దారితీయవచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, రెండు మూడు సార్లు గాని, వరుస రోజుల్లో గాని మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవింగు వైద్యుల మార్గదర్శకం. 24 గంటలు వదిలితే ఇంకా మంచిది. డైవింగు మొదటి రోజుల్లో పెట్టుకుని, చివరి రోజు సెల్యులార్ జైలు చూడండి. నీటిపై ఈదుతూ చూసే స్నార్కెలింగుకు ఈ నియమం లేదు.

శంషాబాదు పక్షి

పవర్ బ్యాంకు విమానంలో లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అవసరం లేదు. 20,000 మిల్లీ యాంపియర్ అవర్ల పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లు మాత్రమే. దాన్ని పైఅరలో కాక కంటికి కనిపించే చోట ఉంచండి. వేడెక్కినా, ఉబ్బినా వెంటనే సిబ్బందికి చెప్పాలి.

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, సులభంగా అంటుకుంటుంది కనుక అది విమానాల్లో నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉంది. పగడపు ముక్క, అది చచ్చినదే అయినా, తీరం నుంచి ఏరి తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గవ్వలు ఏరవద్దని పాపకు ముందే చెప్పి ఉంచండి.

విశ్రాంత గార్డు

రైలులో ఛార్జింగు పాయింట్లు రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు ఆపివేయాలన్న ఆదేశం ఉంది. నాన్నగారి ఫోను పడుకునే లోపే నింపి పెట్టండి.

లంకల గాలి

కోనసీమ వాడిని కనుక పడవల గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. పెద్ద ఓడ కంటే అక్కడ దీవుల మధ్య తిరిగే చిన్న పడవల దగ్గరే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర, పట్టే మనుషుల కంటే చాలా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న మా గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్ళే పడవ మునిగింది. ఆ రోజు బయటపడిన వారిలో ఎక్కువ మంది జాకెట్టు వేసుకున్నవారే. ఉక్కపోస్తోందని విప్పేసిన వారి ఇళ్ళలో దుఃఖం ఇప్పటికీ ఉంది. పడవలో ఎంతమందికి అనుమతి ఉందో బోర్డు మీద చూసి, తలలు లెక్కపెట్టి, ఎక్కువైతే డబ్బు పోయినా దిగిపోండి.

మణికొండ నివాసి

తప్పక పాటిస్తాము. పాపకు పెద్దవాళ్ళ జాకెట్టు వేస్తే సరిపోతుందా?

లంకల గాలి

సరిపోదు. పెద్ద జాకెట్టు నీళ్ళలో పైకి లేచి తల మీదుగా ఊడిపోతుంది. పిల్లల కొలత కావాలని ఎక్కేముందే అడగండి, అది వారి బరువు ప్రకారం ఉంటుంది. తొడిగించిన తరువాత భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా జారి వస్తే పట్టీలు బిగించాలి, బిగించినా జారితే ఇంకొకటి అడగాలి. అది దొరికేవరకు పాపను పడవ ఎక్కించవద్దు.